టీకా వలదన్నవాని వైద్యవ్యయము ఎవరిది?

(సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దల కాలమున మశూచి సోకిన యింట గుమ్మమునకు వేపమండలు కట్టి అమ్మవారికి మ్రొక్కుచుండిరి. టీకాలవాడు వచ్చెనన్న బిడ్డలను దాచిన తల్లులును కలరు. ఆ మశూచి మన దేశమున 1975లో కడపటిసారి కనిపించినది. 1980 మే 8న అది లోకమునుండియే తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మహాసభ ప్రకటించినది. ఆ టీకామందును తయారుచేసిన స్థలములలో చెన్నపట్నము గిండీలోని కింగ్ సంస్థ యొకటి. కావున టీకా మేలును గూర్చి నే నిచట వాదింపను. నేటి ప్రశ్న వేరు. టీకా వలదన్నవాడు జబ్బుపడినచో ఆ ఖర్చు ఎవరు భరింపవలెను?

కోవిడ్ దినములలో పలు ప్రభుత్వములకు ఈ ప్రశ్న ఎదురైనది. సింగపూరు ప్రభుత్వము 2021 డిసెంబరు 8 నుండి, తమ యిష్టముచే టీకా మానినవారి కోవిడ్ చికిత్సకు పూర్తి ఖర్చు తాను చెల్లించుట మానినది. అయినను వారికి ఆసుపత్రి తలుపులు మూయలేదు. మామూలు ఆరోగ్య బీమాను వాడుకొననిచ్చినది. వైద్యకారణములచే టీకా పొందరానివారిని మినహాయించినది. మన పొరుగున కేరళ ప్రభుత్వమును 2021 నవంబరులో, టీకా నిరాకరించినవారికి ఉచిత కోవిడ్ చికిత్స లేదని ప్రకటించినది. అమెరికాలో డెల్టా విమాన సంస్థ, తన ఆరోగ్య బీమాలో చేరిన ఉద్యోగులలో టీకా పొందనివారిపై నెలకు 200 డాలర్ల అదనపు రుసుము 2021 నవంబరు 1 నుండి విధించి, 2022 ఏప్రిలులో ఎత్తివేసినది.

ఇది న్యాయమా? బీమా యనునది ఊరుమ్మడి చెరువు వంటిది. అందరును చందా వేసిన సొమ్ము ఆపదలో నున్నవానికి అక్కరకు వచ్చును. పూడిక తీయుటకు రానని భీష్మించినవానిపై తప్పు వేయుట ఊరికి తెలియని మాట కాదు. కాని దప్పికతో వచ్చినవానికి చెంబెడు నీళ్లు కాదన్న ఊరును ఎవరును మెచ్చరు. రుసుము సంగతి వేరు, ప్రాణము సంగతి వేరు. రుసుమును గూర్చి వాదింపవచ్చును. ఊపిరి యాడక వచ్చినవానిని టీకాపత్రము చూపుమని గడపలో నిలుపరాదు.

మన సుప్రీంకోర్టు 2022 మే 2న చెప్పిన తీర్పు ఈ విషయమున గమనింపదగినది. రాజ్యాంగము 21వ అధికరణము ప్రకారము ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదని అది తేల్చినది. ప్రజారోగ్యము కొరకు ప్రభుత్వము పరిమితులు విధింపవచ్చును గాని అవి అవసరమునకు మించరాదనియు చెప్పినది. హక్కును బాధ్యతను ఒక్క త్రాసున తూచిన మాట యిది.

ఇక మన సంగతి. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము — ఎచటనున్నను, స్థానిక భాష నోట పలికియు దాని లిపి చదువలేని వృద్ధులు మన యిండ్లలో నున్నారు. టీకా ప్రకటనయు, బీమా షరతులును ఆ లిపిలోనో ఇంగ్లీషులోనో వచ్చును. వారు టీకా పొందకున్న, అది నిరాకరణ మగునా? తెలియక మానినవానిని, తెలిసి కాదన్నవానిని ఒకే పద్దులో వ్రాయుట అన్యాయము. నిరాకరించెననుటకు ముందు, వానికి అర్థమగు భాషలో ఒకమారైన చెప్పి యుండవలెను.

కావున నా మనవి స్వల్పము. మన సంఘమునుండి చదువుకొన్న యువతీయువకులు వారమునకు ఒక గంట పెద్దల యిండ్లకు పోయి, వారి బీమా కాగితములలో ఏది చెల్లునో, ఏది చెల్లదో తెలుగున చదివి వినిపింపవలెను. టీకాను గూర్చి వారికి గల భయమును పరిహసింపక వినవలెను. సమాధానమునకు వైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవలెను. అటుపిమ్మట వలదన్నచో ఆ నిర్ణయము వారిది, దాని ఖర్చును వారికి తెలిసినదే యగును. తెలియకపోవుటచే మాత్రము మనవా డెవ్వడును అప్పులపాలు గారాదు.