ఆటస్థలం కూడా హక్కే
(జహీరాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి, భూమి గురించి, విత్తనాల గురించి మాట్లాడుకునే మనకు ఫుట్‌బాల్‌తో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆటను ఆటగా మాత్రమే చూస్తే నిజంగానే పని లేదు. కానీ ఇవాళ దేశంలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకుంటున్నారు. జీతం ఉన్నచోట పని ఉంది. పని ఉన్నచోట హక్కుల ప్రశ్న ఉంది.

మన ఆడవాళ్ల జట్టు 1980లోనూ 1983లోనూ ఆసియా కప్‌లో రెండో స్థానం సాధించింది. అంటే ఆట రాక కాదు వెనకబడింది. మగవాళ్లకు జాతీయ లీగ్ 1996లోనే మొదలైంది. ఆడవాళ్ల లీగ్ రావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మొదటి లీగ్ కొద్ది వారాల్లో ముగిసింది. జట్లు తమ ఊళ్లోనూ ఎదుటివాళ్ల ఊళ్లోనూ ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు.

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. 1920 డిసెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌కు 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వకూడదని తీర్మానించింది. ఈ ఆట స్త్రీలకు తగదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. 'ఆడవాళ్ల ఆటను ఎవరు చూస్తారు?' అని ఇప్పుడు అడిగేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. చూసేవాళ్లు లేక కాదు, మైదానం గేటు మూయడం వల్ల ఆట ఆగింది.

నిజామాబాద్ జిల్లా లంబాడా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25లో దేశ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. సంతోషించాల్సిందే. కానీ ఒక సౌమ్యను చూపించి అన్ని తండాల పిల్లలకూ దారి తెరుచుకుందంటే నమ్మకండి.

కూలి సంగతి చూడండి. లీగ్‌లోని ప్రతి జట్టూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.20 లక్షలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. నెలకు 27 వేలలోపే. మరి పదకొండో అమ్మాయి మాటేమిటి?

భద్రత సంగతి ఇంకా ముఖ్యం. 2024 మార్చిలో గోవాలో రెండో డివిజన్ లీగ్ ఆడడానికి వెళ్లిన ఇద్దరు క్రీడాకారిణులు, సమాఖ్య కార్యవర్గ సభ్యుడే తమపై దాడి చేశాడని ఫిర్యాదు చేశారు. ఆయన్ను సస్పెండ్ చేశారు. ఆ పిల్లలు నోరు విప్పకపోతే అదీ జరిగేది కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం స్టేడియాన్నీ, శిక్షణ స్థలాన్నీ, పోటీలు జరిగే చోటునూ పనిస్థలంగానే గుర్తిస్తుంది. ఈ మాట ఎంతమంది కోచ్‌లకు తెలుసు? ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

జహీరాబాద్ ప్రాంతంలో సంఘం ఆడవాళ్లు బీడు భూములను సాగులోకి తెచ్చారు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. మాకు చోటు కావాలని అడగడం మీకు ఒకరు నేర్పనక్కర్లేదు. అదే ప్రశ్న బడి మైదానంలోనూ అడుగుదాం. సాయంత్రం ఆ మైదానం ఎవరిది? ఆడపిల్లలకు అక్కడ వేళ కేటాయించారా? బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయా? పోటీలకు తీసుకెళ్లేటప్పుడు వెంట మహిళ ఉంటోందా? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పిల్లలకు చెప్పారా?

పెద్ద లీగ్ ఎక్కడో లేదు. అది మన ఊరి బడి మైదానంలోనే మొదలవుతుంది. ముందు ఆ గేటు తెరిపిద్దాం.