వాక్స్వాతంత్ర్యము – దాని పొలిమేర



ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి “మాలపల్లి” నేడు గ్రంథాలయపు బీరువాలో అడిగినవారి కెల్ల లభించును. ఆంగ్లేయుల కాలమున మదరాసు ప్రభుత్వము ఆ నవలను నిషేధించెను. పరపాలనలో జరిగిన పని గనుక దానిని నిందించుట సులభము. స్వరాజ్యము వచ్చిన పిమ్మట అట్టి ఉత్తరువే స్వదేశ ప్రభుత్వము చేసినచో ఏమి గతి? ఆ ప్రశ్న 1950లోనే ఎదురయ్యెను.

ఆంధ్ర జిల్లాలు ఇంకను మదరాసు రాష్ట్రమున నున్న దినములవి. బొంబాయిలో అచ్చగుచుండిన “క్రాస్ రోడ్స్” అను ఇంగ్లీషు వారపత్రిక తమ రాష్ట్రములోనికి రారాదని అచ్చటి ప్రభుత్వము ఆజ్ఞాపించెను. దానికి ఆధారము 1949 నాటి ప్రజాభద్రతా చట్టము. పత్రిక సంపాదకుడు రమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టు నాశ్రయించెను. మే 26వ తేదీన తీర్పు వెలువడెను.

రాజ్యాంగములోని 19వ అధికరణము వాక్కునకు అప్పుడు పెట్టిన హద్దులు కొన్నియే: పరువునష్టము, కోర్టు ధిక్కారము, సభ్యతకును నీతికిని భంగము, రాజ్యభద్రతకు ముప్పు. మదరాసు చట్టములోని “ప్రజాభద్రత”, “ప్రజాశాంతి” అను మాటలు వీనికంటె మిక్కిలి విశాలములు. వీధిలోని కొట్లాటయు వాని క్రిందికి వచ్చును. వీధి కొట్లాటకు రాజ్యము కూలునా? హద్దురాళ్లు పాతని పొలము వంటిది ఆ చట్టము. అధికారి చేయి చాచినంత మేరయు అతనిదే. కావున ఆ నిబంధన చెల్లదని జస్టిస్ పతంజలి శాస్త్రిగారు తీర్పు వ్రాసిరి. జస్టిస్ ఫజల్ ఆలీగారు మాత్రము విభేదించిరి. అలజడి తీవ్రమైనచో రాజ్యభద్రతకును ముప్పే యని వారి వాదము. అది కొట్టివేయదగిన శంక కాదు.

చిత్రమేమన, అదే దినమున ఢిల్లీలోని “ఆర్గనైజర్” పత్రికపై నున్న ఆజ్ఞయు రద్దయ్యెను. కొన్ని విషయములను అచ్చునకు ముందే అధికారులకు చూపవలెనని ఆ ఆజ్ఞ. మొదటిది వామపక్షపు పత్రిక; రెండవది దానికి పూర్తిగా ఎదుటి పక్షము. ఒకరి మాట ఒకరికి గిట్టదు. అయినను ఉభయులకును లభించిన రక్షణ ఒక్కటే.

1951లో ప్రభుత్వము రాజ్యాంగమును సవరించెను. ప్రజాశాంతి, నేరప్రేరణ, విదేశ మైత్రి అనునవి హద్దులలో చేరినవి. పొలిమేర లోపలికి జరిగిన మాట నిజము. అయితే ఆ సవరణయే “సమంజసమైన” అను విశేషణమును గూడ చేర్చెను. దానితో ఆంక్షను తూచు త్రాసు న్యాయస్థానము చేతికి వచ్చినది.

ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికయు ఈ త్రోవనే నడచినది. ఆంక్ష చట్టములో స్పష్టముగా నుండవలెను. ఒడంబడికలో పేర్కొన్న ప్రయోజనమునకే కావలెను. నిజముగా అవసరమై యుండవలెను. భారతదేశము 1979లో ఇందులో చేరినది.

2015లో సమాచార సాంకేతిక చట్టములోని 66-ఎ విభాగమును సుప్రీంకోర్టు కొట్టివేసెను. “చికాకు”, “అసౌకర్యము” కలిగించు మాటలు పంపుటయు దాని ప్రకారము నేరమే! ఎవరి చికాకు, ఎంత చికాకు అను కొలత అందు లేదు. ఆ తీర్పులో న్యాయమూర్తులు ఉదహరించిన వ్యాజ్యములలో 1950 నాటి “క్రాస్ రోడ్స్” వ్యాజ్యమును గలదు.