కంటిలో దుర్మాంసము

కొంతకాలము క్రిందట ఒక వ్యవసాయకూలీ నాయొద్దకు వచ్చినాడు. అతని కంటిలో ముక్కువైపు మొలచిన దుర్మాంసము రెక్కవలె వ్యాపించి నల్లగుడ్డు మీదికి ప్రాకినది. రెండేండ్ల క్రిందట వేరొకచోట కోయించుకొన్నాడట. అది మరల మునుపటికంటె దళసరిగా పెరిగినది. "మళ్ళీ వచ్చేదాన్ని కోయటమెందుకండీ?" అని యడిగినాడు. న్యాయమైన ప్రశ్న. నేటి నా ప్రసంగము దానికి ప్రత్యుత్తరమే.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతుడు దీనిని 'అర్మ'మని పేర్కొని శస్త్రచికిత్స చెప్పినాడు. చిన్నరెక్క యను నర్థముగల గ్రీకుపదమునుండి పాశ్చాత్యులు 'టెరీజియమ్' అనిరి. ఎండలోని అతినీలలోహిత కిరణములు దీనికి ముఖ్యకారణము. గాలియు దుమ్మును తోడగును. పొర చిన్నదై చూపునకు అడ్డురానిచో కత్తితో పనిలేదు.

కోయవలసి వచ్చినప్పుడు, కోయుటకంటె కోసినచోటును దేనితో కప్పుదుమన్నదే ముఖ్యము. ఏమియు కప్పక విడుచుట పాతపద్ధతి. అట్లు విడిచినచో చాలమందికి వ్యాధి తిరుగబెట్టును.

కప్పుటకు రెండు మార్గములు కలవు. మొదటిది రోగి కంటినుండియే, పైరెప్ప చాటున ఎండసోకని చోటినుండి, పలుచని పొరను తీసి అతుకుట. చిరిగిన బట్టకు దాని మడతలోని గుడ్డతోనే మాసిక వేసినట్లన్నమాట. 1985లో కెన్యన్ మొదలగు వైద్యులు 57 కండ్లకిట్లు చేసి, మూడింట మాత్రమే వ్యాధి తిరుగబెట్టెనని ప్రకటించిరి. రెండవది ఉమ్మనీటి సంచి పొర. కాన్పువేళ దానమిచ్చిన తల్లులనుండి గ్రహించి, శుద్ధిచేసి, భద్రపరచెదరు. ఇది వాపు నణచును; రోగి కంటినుండి ఏమియు తీయనక్కరలేదు.

రెండింటిలో నేది మేలు? 2016లో కోక్రేన్ సంస్థవారు 20 పరిశోధనలను సమీక్షించి, ఆరుమాసములనాటికి సొంతపొర అతికినవారిలోనే వ్యాధి తిరుగబెట్టుట తక్కువయని తేల్చిరి. అయినను సొంతపొర అందరికిని అందదు. దుర్మాంసము కంటికి ఇరువైపుల విస్తారముగ పెరిగినను, మునుపటి కోతలచే పైభాగము మచ్చపడినను, అది చాలదు. నీటికాసుల వ్యాధి గలవారికి ముందుముందు శస్త్రచికిత్సకు ఆ పైపొర కావలసి రావచ్చును. అట్టివారికి ఉమ్మనీటి సంచి పొర ఆదుకొనును.

అతుకును కుట్లతో గాని, ఫైబ్రిన్ జిగురుతో గాని నిలుపుదురు. జిగురుతో పని త్వరగా ముగియును, కన్ను తక్కువగా గరగరలాడును. వెల మాత్ర మెక్కువ.

ఆ కూలీ కంటి పైభాగము చెడియుండలేదు. సొంతపొరనే అతికితిని. "ఇక రానేరాదని ప్రమాణము చేయలేను, వచ్చు నవకాశమును మాత్రము తగ్గింపగలను" అని ముందే చెప్పితిని. నేడతడు తలపాగతో, నల్లకళ్ళద్దములతో పొలమునకు పోవుచున్నాడు. ఏడాది గడచినది, పొర రాలేదు.

కావున శ్రోతలారా! శస్త్రచికిత్సకు ఒప్పుకొనుటకు ముందు, "కోసినచోట ఏమి కప్పెదరు?" అని మీ వైద్యుని తప్పక అడుగుడు. అది మీ హక్కు.