నాటి ముస్తాబు, నాటి మందులు: నేటి గ్రామములకు పాఠములు

(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడినచోట రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు చర్చకు వచ్చుట పరిపాటి. స్త్రీల దుస్తులు, కుట్టుపని, ఇంటింట వాడుకొను మందులు ఇట్టి సభలో మాటలాడదగినవేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఇవియును పంచాయతీ విషయములే యని మా అభిప్రాయము. కుట్టుమిషను మీద సంసారము నీడ్చుకొను స్త్రీలు ప్రతి గ్రామమునను గలరు. సంతలోను, బస్సు ఆగుచోటను పేరులేని మందులు కొనుక్కొని రహస్యముగా వాడుకొనువారును గలరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను పంచాయతీలలో సగము స్థానములు చట్టరీత్యా స్త్రీలకు కేటాయింపబడినవి. కావున ఈ సంగతులు ఇంటి గడప లోపల మాత్రమే చెప్పుకొనదగినవని త్రోసివేయుటకు ఇపుడు వీలులేదు.

ఈ విషయములలో సుమారు 150 సంవత్సరముల క్రిందట ఇంగ్లండు, అమెరికా దేశముల స్త్రీలు పొందిన అనుభవము మనకు మంచి పాఠము. ఆ దేశములు ఆనాటికే యంత్రములయందును, వ్యాపారమునందును ముందంజ వేసియుండెను. అయినను అచ్చటి స్త్రీలలో కొందరిని కట్టుకొన్న బట్టయే కాల్చినది. బట్ట కుట్టిన పడుచులను ఆ పనియే క్రుంగదీసినది. మేలుచేయునని నమ్మి పట్టిన మందు పసిబిడ్డల ప్రాణములను తీసినది. అట్లు ఏల జరిగెను? తరువాత ఎట్లు చక్కబడెను? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసిన సమాధానమును మీ ముందుంచుచున్నాము.

వేషము తెచ్చిన ముప్పు

ఆ కాలమున నడుము సన్నముగా కనబడుట అందమని యెంచెడివారు. అందులకై తిమింగిలము నోటిలోని బద్దలతోను, ఉక్కు రేకులతోను గట్టిపరచిన కార్సెట్టు అను బిగువైన లోదుస్తును తొడుగుకొని, వెనుకనుండి త్రాళ్లు లాగి బిగించుకొనెడివారు. దానితో నిండుగా ఊపిరి పీల్చుకొనుటయే కష్టమయ్యెడిది.

నడుమునకు క్రింద లంగా గుండ్రముగా నిలుచుటకు నాలుగైదు లోపావడలు ఒకదానిపై నొకటి ధరించెడివారు. 1856లో ఉక్కు కడ్డీలతో పంజరమువలె చేసిన క్రినోలిన్ వచ్చినది. అది లోపావడల బరువును తప్పించుటచే స్త్రీలు సంతోషించిరి. సంపన్నురాలు మొదలు పనిమనిషి వరకు దానిని ధరించిరి. కాని అంత వెడల్పయిన లంగా అంచు వెనుకవైపున ఎచట నున్నదో తొడిగినవారికే తెలియకుండెను. ఇండ్లలో చలిమంటలు, కొవ్వొత్తులు ఉండెడివి. బట్టయా పలుచని నూలుబట్ట. పంజరము లోపల గాలి నిండియుండును. నిప్పురవ్వ తగిలినచో ఆర్పుటకు వ్యవధి యుండెడిది కాదు. ఆనాటి పొడవైన పలుచని దుస్తులకు నిప్పంటుకొనియే 1861 జూలైలో అమెరికా కవి లాంగ్‌ఫెలో భార్య ఫానీ తన యింటిలో కాలి మరణించెను. భార్యను కాపాడబోయిన కవికిని కాలిన గాయములయ్యెను. 1863 డిసెంబరు 8వ తేదీన చిలీ దేశమునందలి సాంటియాగో నగరములో ఒక చర్చి అంటుకొని రెండువేల మందికి పైగా చనిపోయిరి. వారిలో పెక్కుమంది స్త్రీలు. విశాలమైన లంగాలు ద్వారముల కడ చిక్కుకొనుటయు అందులకొక కారణమయ్యెను.

ఇక రంగుల మాట. 1775లో షీలే అను స్వీడన్ రసాయనశాస్త్రజ్ఞుడు పాషాణము చేర్చి చక్కని ఆకుపచ్చరంగును తయారుచేసెను. అట్టి పాషాణపు పచ్చరంగులు తరువాతి శతాబ్దమున దుస్తులకును, తలలో తురుముకొను కృత్రిమ పుష్పములకును వాడుకలోనికి వచ్చెను. మటిల్డా షోయరర్ అను 19 ఏండ్ల పడుచు లండనులో కాగితపు ఆకులకు ఈ పచ్చని పొడి అద్దు పనిలో నుండెను. 1861 నవంబరులో ఆమె ఆ విషముచేత మరణించెను. చివరి దినములలో ఆమె కండ్లలోని తెలుపు పచ్చబడెననియు, చూచినదంతయు పచ్చగా కనబడుచున్నదని ఆమె చెప్పెననియు నాడు ప్రకటింపబడినది. ఆ పూలు పెట్టుకొని విందులకు వెళ్లినవారికి ఆ పడుచు సంగతి తెలియదు.

కుట్టిన చేతులు

1863 జూన్ నెలలో లండనులోనే మేరీ ఆన్ వాక్లే అను 20 ఏండ్ల కుట్టుపనిపిల్ల చనిపోయెను. రాజకుటుంబపు క్రొత్త కోడలి గౌరవార్థము జరుగు నాట్యోత్సవమునకు దుస్తులు త్వరగా కావలెనని, ఆమెచేతను మరి అరువదిమంది పడుచులచేతను ఇరువదియారున్నర గంటలు ఎడతెగకుండ పని చేయించిరి. ఒక్కొక్క గదిలో ముప్పదిమంది, గాలియు చాలదు. శుక్రవారము జబ్బుపడిన ఆ పిల్ల ఆదివారమునకు లేకపోయెను. ఈ యుదంతమును కారల్ మార్క్సు తన ‘పెట్టుబడి’ గ్రంథములో ప్రస్తావించెను.

ఇట్టి చాకిరిని తగ్గించుటకు యంత్రము అప్పటికే వచ్చియుండెను. ఫ్రాన్సులో తిమోనియే అను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందగా, కూలిపోవునను భయముతో తోటి దర్జీలు 1831లో ఆయన మిషనులను పగులగొట్టిరి. అమెరికాలో ఎలియాస్ హో 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను తమ యంత్రములకు హక్కులు పొందిరి. చేతితో పద్నాలుగు గంటలకు పైగా పట్టు పురుషుని చొక్కా మిషనుపై సుమారు గంటంబావులో పూర్తియగునని ఆనాటి లెక్క. 1856లో సింగర్ సంస్థ వాయిదాలపై మిషనులను ఇచ్చుట ప్రారంభించినది. 1863లో బటరిక్ అను దర్జీ కొలతలవారీ కాగితపు నమూనాలను అమ్మకమునకు పెట్టెను. వానితో పల్లెటూరి గృహిణియు కత్తెర పట్టి స్వయముగా బట్ట కత్తిరించుకొనగలిగెను.

ఇది గొప్ప మేలే. కాని ఒక్క మాట మరువరాదు. తన మిషను తన యింట నున్న స్త్రీకి సమయము మిగిలినది. యజమాని మిషనుపై బట్టకింతయని కుట్టిన స్త్రీకి పని పెరిగినదే కాని, బట్టకిచ్చు కూలి తగ్గినది. యంత్రము ఒక్కటే. అది ఎవరి చేతిలో నున్నదను దానినిబట్టి ఫలము మారినది.

యంత్రములను గట్టిగా విమర్శించిన గాంధీమహాత్ముడు 1924లో కుట్టుమిషనును మాత్రము మినహాయించి, మానవునికి నిజముగా ఉపకరించిన కొద్ది యంత్రములలో అదియొకటి యని చెప్పిరి. భార్య సూదితో పడు శ్రమను చూడలేక సింగర్ దీనిని కనిపెట్టెనని, దాని వెనుక ప్రేమ యున్నదని వారు భావించిరి. 1930ల దశకమున కలకత్తాలో స్వదేశీ ‘ఉషా’ మిషనుల తయారీ మొదలైనది. తరువాత మన పల్లెలలో పుట్టినింటినుండి కూతురి వెంట కుట్టుమిషనును పంపుట ఒక ముచ్చట యయ్యెను.

సీసాలోని రహస్యము

ఇక మందుల సంగతి. ఆ దేశములలో నాడు వైద్యుని ఫీజు సామాన్యులకు అందదు. వైద్యులు దాదాపు అందరును పురుషులు. స్త్రీలు తమ శరీరబాధలను వారితో చెప్పుకొనుటకు సిగ్గుపడెడివారు. ఈ రెండు ఇబ్బందులను సీసామందుల వ్యాపారులు చక్కగా గ్రహించిరి. పత్రికలలో ప్రకటనలు వేసిరి. మందులో ఏమున్నదో మాత్రము చెప్పకుండిరి.

ఇంగ్లండులో ‘గాడ్‌ఫ్రీ కార్డియల్’ అను తియ్యని మందు పసిబిడ్డలకు పట్టెడివారు. ఫ్యాక్టరీపనికి పోవు తల్లులకు బిడ్డ ఏడువక నిదురించుటయే పదివేలుగా నుండెను. అందున్నది నల్లమందు. అమెరికాలో 1849 నుండి అమ్మిన ‘మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్’లో మార్ఫియా యుండెను. కొందరు బిడ్డలు ఆ నిదురనుండి లేవలేదు.

లిడియా పింకామ్ అను నామె 1875లో మాసచుసెట్సు రాష్ట్రములోని లిన్ పట్టణమునుండి స్త్రీల వ్యాధులకు మూలికల మందు అమ్మసాగెను. సీసాపై ఆమె బొమ్మ, తల్లివంటి చూపు. స్త్రీలు ఆమెకు కష్టములు జాబులుగా వ్రాసెడివారు. స్త్రీ శరీరమును గూర్చి దాపరికము లేక చెప్పిన పుస్తకములను ఆమె పంచిపెట్టెను. అది మెచ్చదగిన పని. అయితే ఆ మందులో సుమారు అయిదవవంతు సారాయే. మద్యమును ముట్టరాదని ఒట్టుపెట్టుకొన్న స్త్రీలును దానిని తెలియక సేవించిరి. ఆమె 1883లో చనిపోయిన పిదపకూడ ఆమె పేరిట జాబులు రమ్మని ప్రకటనలు సాగుచునేయుండెను. చివరకు 1905లో ఒక స్త్రీల పత్రిక సంపాదకుడు ఆమె సమాధిశిల ఫోటోను ముద్రించి గుట్టు బయటపెట్టెను.

ఇంగ్లండులో 1909లో బ్రిటిష్ వైద్యసంఘము ఇట్టి మందులను పరీక్షించి, వానిలో ఏమున్నదో, దాని వెల యెంతో పుస్తకముగా ప్రకటించెను. పెట్టె గినీ విలువచేయునని చాటుకొన్న ప్రసిద్ధమైన మాత్రలలో దొరికినవి ముసాంబరము, అల్లపుపొడి, సబ్బు. వాని ఖరీదు అమ్మకపు వెలలో నూరవవంతయినను లేదు.

ఇంటివైద్యమంతయు మోసమే యని దీనికర్థము కాదు. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున ఒక వృద్ధురాలు శరీరమునకు నీరుపట్టు జబ్బుకు వంశపారంపర్యపు మందు ఇచ్చెడిది. విల్లియం వితరింగ్ అను వైద్యుడు దానిని వెక్కిరింపలేదు. అందలి ఇరువది మూలికలలో గుణమిచ్చునది ఫాక్స్‌గ్లవ్ అను మొక్క యని గుర్తించెను. సుమారు పదేండ్లు రోగులకిచ్చి చూచి, 1785లో గ్రంథము వ్రాసెను. గుణమియ్యని సందర్భములనుకూడ దాచక చేర్చెను. మోతాదు మించినచో అది విషమని హెచ్చరించెను. గుండెజబ్బులకు వాడు డిజిటాలిస్ మందునకు మూలమదియే. అవ్వ చెప్పిన మందు పరీక్షకు నిలిచినచో అది లోకమునకే మందగును.

మన దేశమున

మన తెలుగువారిలోను మందుల వ్యాపారము, స్త్రీల చదువు, పత్రికలు కలిసి నడిచిన చరిత్ర యున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, ఆ ఆర్జనతో ఆంధ్రపత్రికను నెలకొల్పిరి. మద్రాసులో డాక్టరు కె. ఎన్. కేసరిగారు తమ కేసరికుటీరమునుండి స్త్రీలకై లోధ్ర యను మందును ప్రచారమునకు తెచ్చిరి. స్త్రీల కొరకే 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించిరి.

అమెరికాలో 1906 నాటి చట్టము సారాయి, నల్లమందు, మార్ఫియా వంటివి మందులోనున్నచో వానిని చీటీపై వ్రాయవలెనని శాసించెను. మన దేశములో 1940లో ఔషధ చట్టము వచ్చెను. 1954లో అద్భుత చికిత్సల ప్రకటనలను అరికట్టు చట్టమును చేసిరి. స్త్రీల ఋతుదోషములను మాన్పుదుమను ప్రకటనలును, తాయెత్తులు, మంత్రములు రోగములను కుదుర్చునను ప్రకటనలును ఆ చట్టమునకు లోబడును. అంతటి చట్టమున్నను మన బస్సు ఆగుచోట గోడమీద ఇట్టి కాగితము లేని ఊరు ఎన్ని? ఈ ప్రశ్న మీకే విడుచుచున్నాము.

మనము చేయదగినవి

మొదటిది: పంచాయతీ గోడలపై, స్తంభములపై ఇట్టి ప్రకటనలను ఉండనీయకుడు. దినుసుల పేర్లు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు సంఖ్య లేని మందును కొనవలదని గ్రామసభలో చెప్పుడు.

రెండవది: ప్రకటనను తొలగించినంత మాత్రమున బాధ తొలగదు. చెప్పుకొనుటకు చోటులేకనే స్త్రీలు ఆ సీసాలను ఆశ్రయించుచున్నారు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము కాగితముపై నుండుట చాలదు. ఆశా కార్యకర్తతోను, నర్సుతోను స్త్రీలు మరుగున మాటలాడుకొనుటకు ఒక గదిని, ఒక వేళను ఏర్పాటు చేయుడు. మహిళా సభ్యులు దీనిని తమ బాధ్యతగా తీసికొనవలెను.

మూడవది: కుట్టుపని నేర్పుటతో ఆగరాదు. నేర్చిన స్త్రీకి తన మిషను తనకుండునట్లు బ్యాంకు అప్పు ఇప్పించుటలో తోడ్పడుడు. పాఠశాల పిల్లల ఏకరూప దుస్తుల పని స్వయంసహాయక సంఘములకు వచ్చినపుడు, జతకు కూలి యెంతయో, అది ఎన్నాళ్లకు చేతికందినదో విచారింపుడు. కుట్టుకేంద్రములో వెలుతురు, గాలి, నడుము నొవ్వని ఆసనము ఉన్నవో లేవో స్వయముగా పోయి చూడుడు.

నాలుగవది: ఉక్కు పంజరము పోయినను బట్టవలన ముప్పు పోలేదు. చున్నీ, చీరచెంగు మోటారుసైకిలు చక్రములోను, నూర్పిడి యంత్రములోను చిక్కుకొని ప్రాణములు పోవుచున్నవి. కృత్రిమ దారపు చీర పొయ్యిసెగకు కరిగి ఒంటికి అంటుకొనును. పైట దోపుకొని పనిచేయుటను, బండికి చీరరక్షణ చట్రము పెట్టించుటను అంగన్‌వాడీలోను, మహిళాసంఘములోను గట్టిగా చెప్పవలెను. 1881లో లండనులో ఏర్పడిన దుస్తుల సంస్కరణ సంఘము, స్త్రీల లోదుస్తుల బరువు మొత్తము 7 పౌనులు, అనగా 3 కిలోలకు పైచిలుకు, మించరాదని నియమము చెప్పెను. అంతటి బరువే తగ్గింపుగా తోచినదన్నచో అంతకుముందు ఎంత మోసిరో ఊహించుకొనవచ్చును. వారు నడుము బిగించి ఈ మాట చెప్పినపుడు పత్రికలు ఎగతాళి చేసినవి. అయినను కాలక్రమమున స్త్రీల దుస్తులు తేలికపడినవి.

ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. రాబోవు గ్రామసభలోనే రెండు ప్రశ్నలు కార్యక్రమపత్రములో చేర్చుడు. మన ఊరి స్త్రీలు వాడుచున్న మందులలో ఏమున్నది? మన ఊరిలో బట్టలు కుట్టుచున్న స్త్రీలకు ఏమి ముట్టుచున్నది? వీనికి సమాధానము తెలిసిన నాడు చేయవలసిన పని మీకే గోచరించును. ఆ సమాధానమును గ్రామసభ పుస్తకములో వ్రాయించి, మరు సభలో తిరిగి చదివింపవలసినదిగా మిమ్ములను కోరుచున్నాము.