యంత్రసహాయకునికిఁ గట్టిన దస్త్రము

(బోనకల్‌లో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



కృత్రిమమేధ యనెడి యంత్రసహాయకుని మీలోఁ బలువు రెఱుఁగుదురు. దానికిఁ బ్రతిదినమును బని మొదటినుండి చెప్పవలసి వచ్చుచుండెను. 2025 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ ‘స్కిల్స్’ అను పేర నొక మార్గము చూపినది. ఒక్కొక్క పనికిఁ గావలసిన సూచనలను, నమూనాలను ఒక ఫోల్డరునం దుంచినచో, యంత్రము పేరును, వివరణమును మాత్రము ముందుగాఁ జూచుకొని, పని తగిలినప్పుడే లోపలి పాఠమును దెఱచును. మా గుమాస్తా చీటీ చూచి దస్త్రపుఁ గట్ట విప్పుటయు నిట్టిదే.

పట్టా దరఖాస్తునే తీసికొనుఁడు. ధరణినాఁటి 2020 చట్టమునఁ దహసీలుదారు ఉత్తరువుపై అప్పీలు లేకుండెను. 2025 ఏప్రిలులో అమలునకు వచ్చిన భూభారతి చట్టము అప్పీలు నిచ్చినది. ధరణినాఁటి కాగితము నెవఁడైనఁ గట్టలోఁ జేర్చెనేని, యంత్రము నిస్సంకోచముగా “అప్పీలు లేదు” అని రైతునకుఁ జెప్పఁగలదు. మా గుమాస్తాయైనఁ గొంత సందేహించును! గడువు దాటిన పిమ్మట నా భూమి నెవరు తెచ్చి యిత్తురు?

కట్టను మామూలు తెలుఁగున వ్రాయవచ్చును. కావున మండలమున నిద్దఱు వకీళ్లును, ఒక విశ్రాంత గిర్దావరును గూర్చుండి వ్రాసి, తేదీ వేసి, చట్టము మాఱినప్పుడెల్ల దిద్దవలెను. బయటి కట్టను జదువక చేర్చుకొనరాదు. అందు దాఁగిన యాజ్ఞలను సైతము యంత్రము పాటింపఁగలదు.

మొదటి ప్రతి నేను వ్రాసెదను. దిద్దువారు మీలో నెవరు?