సిపియో – ఒక ఇంటిపేరు కథ

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను. రోజంతా పేర్లు వ్రాయడమే నా పని కనుక, ఒక పేరును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ పేరు పబ్లియస్ కార్నీలియస్ సిపియో ఆఫ్రికానస్. పబ్లియస్ అతనికి పెట్టిన పేరు. కార్నీలియస్ వంశనామము. సిపియో ఆ వంశములో ఒక శాఖ పేరు, మన ఇంటిపేరు వంటిది. లాటినులో సిపియో అంటే చేతికర్ర. గుడ్డితండ్రికి ఊతకర్రయై దారి చూపిన కొడుకువల్ల ఆ పేరు వచ్చిందని రోమనులు చెప్పుకొనేవారు.

క్రీ.పూ. 211లో ఇతని తండ్రి, తండ్రి సోదరుడు ఇద్దరూ స్పెయినులో కార్తేజివారితో పోరాడి మరణించారు. మరుసటి సంవత్సరమే, పాతికేళ్ల ప్రాయములో, సిపియో అక్కడి సేనకు నాయకుడైనాడు. న్యూ కార్తేజి నగరానికి ఒక ప్రక్క మడుగు. అందులో నీరు తగ్గే వేళను జాలరులవల్ల తెలుసుకొని, సైనికులను అటునుంచి నడిపించి, 209లో పట్టణం పట్టుకున్నాడు. 202లో జామా యుద్ధములో హానిబాల్ ఏనుగులను తోలితే, సేన నడుమ బాటలు విడిచి వాటిని దాటిపోనిచ్చాడు. అక్కడ హానిబాల్‌ను ఓడించినందుకే ‘ఆఫ్రికానస్’ అనే బిరుదు వచ్చింది.

కాని ఆ బిరుదు అతణ్ణి కాపాడలేదు. యుద్ధధనానికి లెక్క చెప్పమని రోములో అడిగితే, లెక్కల పుస్తకం సభలోనే చింపివేశాడట. గుమాస్తాగా నేను దీనిని మెచ్చుకోలేను! చివరకు రోము విడిచి లిటెర్నము అనే ఊరు చేరి, సుమారు 183లో అక్కడే కన్నుమూశాడు.

ఇంటిపేరు మాత్రము నిలిచింది. అతని కుమారుడు ఎమీలియస్ పౌలస్ కొడుకును దత్తత చేసుకున్నాడు. ఆ పిల్లవాడు సిపియో ఎమీలియానస్ అయినాడు. అంటే చేరిన ఇల్లు, పుట్టిన ఇల్లు రెండూ ఒకే పేరులో ఉన్నాయన్నమాట. 146లో కార్తేజిని నాశనము చేసినది ఇతడే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న మా అబ్బాయిని ఒక పెద్దాయన ఇంటిపేరు అడిగారు. వాడు ఒక్క ఇంగ్లీషు అక్షరము చెప్పి ఊరుకున్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. తప్పు వాడిది కాదు. బళ్లో అలా వ్రాయించినది నేనే.

మన ఇంటిపేర్లలో చాలా భాగము ఊళ్ల పేర్లే. సిపియో ఒక దేశాన్ని జయించి దాని పేరు తెచ్చుకున్నాడు. మన పెద్దలు ఊరు విడిచి వస్తూ దాని పేరు వెంట తెచ్చుకున్నారు. ఈ పరాయి చోట మనకు ఆసరా అయిన చేతికర్ర అదే. ఈ రోజు ఉగాది పచ్చడి పెట్టేటప్పుడే మీ పిల్లలకు ఆ పేరు పూర్తిగా చెప్పండి. నేను మా వాడికి ఈ ఉదయమే చెప్పాను.

సెలవు.