పరిహార పత్రములు పలికిన చరిత్ర

1946లో ఇంగ్లండునందలి కెట్టరింగు పట్టణమున, బాప్టిస్టు మతాచార్యుని ఇంట జన్మించిన చరిత్రకారిణి కేథరిన్ హాల్, లియొనోర్ డేవిడాఫ్‌తో కలిసి 1987లో వెలువరించిన 'ఫ్యామిలీ ఫార్చ్యూన్స్' గ్రంథమున, ఆంగ్ల మధ్యతరగతి అభ్యుదయమును వర్ణించు చరిత్రకారులు పెక్కుమంది గడప దాటి చూడని గృహజీవితమును, స్త్రీపురుషుల ధర్మవిభజనమును చరిత్రకు మూలద్రవ్యములుగా గ్రహించిరి. 2002 నాటి 'సివిలైజింగ్ సబ్జెక్ట్స్' బర్మింగ్‌హామ్ నగరమును, జమైకా ద్వీపమును ఒకే కథలోనికి తెచ్చినది. ఆమె భర్త, ప్రసిద్ధ సంస్కృతీ విమర్శకుడు స్టువర్ట్ హాల్, జమైకాలో జన్మించినవాడే.

అయినను, నా దృష్టిలో ఆమె కృషికి శిఖరము వేరొకటి. 1833 నాటి శాసనముచే బానిసత్వమును రద్దుచేసిన బ్రిటిషు ప్రభుత్వము 2 కోట్ల పౌనుల పరిహారము చెల్లించినది. బానిసలకు కాదు సుమా, వారి యజమానులకు! విమోచనమును స్వకీయ ఔదార్యముగా స్మరించుకొను జాతి ఈ లెక్కను సుఖముగా మరచినది. లండను యూనివర్సిటీ కాలేజీయందు హాల్ నాయకత్వమున పరిశోధక బృందము ఆ పరిహార పత్రములను శోధించి, యజమానుల పేర్లను 2013లో సర్వజనులకు అందుబాటులోనికి తెచ్చినది. తోటల దొరలతోపాటు, ఇంగ్లండులోనే నివసించుచు బానిసల శ్రమవలన వచ్చు ఆదాయముపై బ్రదికిన వితంతువులును, అవివాహిత స్త్రీలును అందు పెక్కుమంది కనబడుదురు.

మనకు చిరపరిచితుడైన మెకాలేను, బానిసత్వముపై పోరాడిన అతని తండ్రి జాకరీని గూర్చియు ఆమె 2012లో ఒక గ్రంథము ప్రకటించిరి.